మా వెనకే రండి

బస్సులో డ్రైవరు తల పైన, అద్దం పక్కన ఒక చిన్న పెట్టె ఉంటుంది. "తరువాతి స్టాపు ఫలానా" అని పలికేది అదే. మా పూలీ ఊరి డిపో బస్సుల్లో దాన్ని పలికించే ప్రోగ్రాం రాసేది మేమే, నేనూ బోకాయ్ అనే అతనూ. డిపో మేడ మీద ఒక ఇరుకు గది మా ఆఫీసు. కింద బస్సులు కడిగే నీళ్ళ చప్పుడు, పైన మేము.

నేను కాలేజీ మొహం చూడలేదు. టీ కొట్టులో గ్లాసులకి మూతలు అతికే మెషీన్ దగ్గర నిలబడి, ఫోన్లో వీడియోలు చూస్తూ నేర్చుకున్నదే నా చదువు. ఈ ఉద్యోగం ఇప్పించింది అక్క. మా అక్క సూచిన్ అదే డిపోలో డ్రైవరు. కొండ దారి బస్సు నడిపే ఒకే ఒక్క ఆడమనిషి. అమ్మ పోయాక ఇంట్లో మేమిద్దరమే. నాకు ఈ లోకంలో ఉన్నది ఆవిడే.

మొదటి రోజు బోకాయ్ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చరిత్ర చూపించాడు. ప్రోగ్రాంలో మేం ఎవరం ఏ మార్పు చేసినా అది ఒక చుక్కగా పడుతుంది. ఎవరు చేశారు, ఎందుకు చేశారు అన్నది పక్కనే ఒక ముక్కలో ఉంటుంది. చుక్కల్ని కలుపుతూ ఒక గీత. కొత్తదేదైనా ప్రయత్నించాలంటే అసలు గీతను పాడుచేయకుండా దాన్నుంచి ఒక కొమ్మ చీల్చుకుంటాం. మన చుక్కలు ఆ కొమ్మ మీద పెట్టుకుంటూ పోతాం. పని బాగుంటే కొమ్మని మళ్ళీ అసలు గీతలో కలుపుతాం. బాగోకపోతే అది అలా ఎండిపోయి ఉంటుంది. తెర మీద కొమ్మల వారీగా చూస్తుంటే రంగురంగుల కొండ దారుల్లా కనిపిస్తాయి, ఒక మలుపు దగ్గర విడిపోయి ఎవరి దారిన వాళ్ళు పోతున్నట్టు.

"ఒకటి గుర్తుపెట్టుకో," అన్నాడు బోకాయ్. "ఇక్కడ తుడిచెయ్యడం అనేది లేదు. నువ్వు తుడిచేస్తే, తుడిచేశావన్న సంగతి ఇంకో చుక్కగా పడుతుంది. దాని కిందది అక్కడే ఉంటుంది."

"అంటే నీ వెధవ పనులన్నీ నాకు కనిపిస్తాయన్నమాట."

"నీవి నాకు కూడా."

ఇద్దరం నవ్వుకున్నాం.

*

బైషీ అని నది ఎగువన ఒక ఊరు ఉండేది. మూడేళ్ళ కింద వచ్చిన తుఫానులో వెనక ఉన్న కొండ జారి ఊరి మీద కూర్చుంది. ఎవరినీ బయటికి తియ్యలేకపోయారు. ఆ ఊరి ల్యావ్ అవ్వ ఒక్కతే, ఆ రోజు మోకాలి నొప్పికి పూలీ ఆసుపత్రిలో ఉంది కాబట్టి మిగిలింది. కొడుకులు, కోడళ్ళు, మనవలు, ఇరుగుపొరుగు అందరూ అక్కడే, ఆ మట్టి కింద.

ఈ ఏడు, పోయినవాళ్ళు బయట తిరిగే ఏడో నెలలో, వాళ్ళందరి ఆత్మల్నీ కిందికి తీసుకురావాలని పూలీ గుడివాళ్ళు అనుకున్నారు. ఆ నెలలో మేం వాళ్ళని దెయ్యాలనం. మంచి అన్నదమ్ములు అంటాం. అలా అంటేనే వాళ్ళు మంచిగా ఉంటారని.

బయట ఎక్కడో పోయినవాళ్ళని ఇంటికి తెచ్చుకోవాలంటే సొంతవాళ్ళు వెళ్ళి పిలవాలి. పిలిచి ఊరుకుంటే చాలదు, దారంతా చెబుతూ రావాలి. వంతెన వచ్చింది, దాటుతున్నాం. ఎడమకు తిరుగుతున్నాం. సొరంగంలోకి వెళ్తున్నాం, భయపడకండి, మా వెనకే రండి. ఒక్క మలుపు దగ్గర చెప్పడం మరిచిపోయినా వాళ్ళు అక్కడే ఆగిపోతారు, లేదా తమకి తెలిసిన దారిన పోతారు. అమ్మని ఆసుపత్రి నుంచి తెచ్చినప్పుడు అక్కా నేనూ అంబులెన్సులో అలాగే చెబుతూ వచ్చాం. మధ్యలో ఎక్కడా ఆపలేదు.

ల్యావ్ అవ్వ ఆ మోకాలితో కొండ ఎక్కలేదు. అందుకని గుడివాళ్ళు డిపోకి వచ్చి అడిగారు. ఆవిడ గొంతు ముందే పట్టి, బస్సు కొండ దిగుతుంటే ప్రతి మలుపు దగ్గరా పెట్టె చేత పలికించగలరా అని. బస్సు ఎక్కడుందో పెట్టెకి ఎలాగూ తెలుసు. మాకు అది పెద్ద పని కాదు.

నేనూ బోకాయ్ వెళ్ళాం. అవ్వ మంచం మీద కూర్చుని కళ్ళు మూసుకుంది.

"ఈ పెట్టెలో నా మాట వాళ్ళకి వినిపిస్తుందంటావా?"

"బస్సంతా వినిపిస్తుంది అవ్వా," అన్నాను.

"బస్సు సంగతి కాదే. వాళ్ళ సంగతి."

బోకాయ్ ఫోన్లో రికార్డింగు నొక్కాడు. అవ్వ మొదలుపెట్టింది. చూడకుండా, తడుముకోకుండా, దారి మొత్తం. తాబేలు బండ మలుపు. వేడి నీటి ఊట. పాత వంతెన… ఒక్కోచోట కొడుకు పేరు, మనవరాలి పేరు కలిపి పిలిచింది. "ఎత్తుగా ఉంది, పిల్లని ఎత్తుకో," అంది ఒకచోట.

చివర్లో అడిగాను. "ఇల్లు వచ్చింది, దిగండి అని కూడా ఒక్కసారి చెప్పండి అవ్వా."

"ఆ మాట యంత్రం చేత చెప్పించను," అంది కళ్ళు తెరిచి. "గుడి ముందు నేనే నిలబడతాను. నా నోటితో చెబుతాను. వాళ్ళు దిగాల్సింది నన్ను చూసి."

సరే అనుకున్నాం. ఆవిడ పిలుపుల కోసం ఒక కొమ్మ చీల్చాం. అందులో పాత వంతెన పిలుపును బోకాయ్ తీసేశాడు. ఆ వంతెన మూడేళ్ళ కింద అదే తుఫానులో నదిలో పోయింది. దానికి బదులు పక్కన సొరంగం తవ్వారు. పాత దారి ఎడమకి, సొరంగం కుడికి. బస్సు పోయేది కుడికే. మరి సొరంగానికి పిలుపు? అవ్వ ఆ దారిన ఎప్పుడూ పోలేదు, ఆవిడకి ఆ చీలికే తెలియదు. మేమూ అడగలేదు. గొంతుతో పాటు బంధువుల్లో పెద్దవాళ్ళూ బస్సులో ఉంటారు కదా, ఎవరో ఒకరు చెబుతారు అనుకున్నాం.

పెట్టె సరైనచోట సరిగ్గా పలుకుతుందో లేదో చూడటానికి నాకు ఏవో పిలుపులు కావాలి. నాకని ఒక కొమ్మ చీల్చుకుని, ఒక సాయంత్రం అక్క ఖాళీ బస్సు తెస్తుంటే ఎక్కాను. సొరంగం చీలిక నుంచి మా ఇంటిదాకా. చివరి ట్రిప్పు తర్వాత బస్సును మా ఇంటి ముందే పెట్టడం అక్కకి అలవాటు. అవ్వ గొంతును అనుకరిస్తూ ఫోన్లో చెప్పుకుంటూ వచ్చాను.

"కుడికి తిరుగుతున్నాం… సొరంగం వచ్చింది… మా వెనకే రండి."

అక్క స్టీరింగ్ మీద పడి నవ్వుతోంది. "అచ్చం ముసల్దానిలాగే ఉన్నావే. ఇంకా చెప్పు."

నవ్వుతోంది కదా అని నేను ఇంకా రెచ్చిపోయాను. మా ఇంటి ముందు బస్సు ఆగగానే, "ఇల్లు వచ్చింది. అందరూ దిగండి. లోపలికి రండి, మా అక్క వండి పెడుతుంది, తిని పోదురుగాని," అన్నాను.

అక్క నవ్వు ఆగిపోయింది. ఖాళీ సీట్ల వైపు ఒకసారి చూసింది.

"ఏడో నెల నడుస్తోంది. ఎవర్ని భోజనానికి పిలుస్తున్నావే?"

"పెట్టెకి చెప్పాను అక్కా. ఎవరు వింటారు?"

"తుడిచెయ్. ఇప్పుడే, నా ముందే తుడిచెయ్."

తుడిచేశాను. నా కొమ్మ మీద ఒక చుక్క పడింది. పక్కన నేనే రాశాను: "పిచ్చి మాటలు తీసేశాను." దాని కింది చుక్క… దాని సంగతి అక్కకి నేను చెప్పలేదు.

*

వాళ్ళని తీసుకొచ్చే రోజు పొద్దున ఎండ కాసింది. తుఫాను సముద్రంలోనే పక్కకి తిరుగుతుందన్నారు. అక్క బస్సులో గుడి పూజారిని, బంధువుల్ని ఎక్కించుకుని బైషీ వెళ్ళింది. మధ్యాహ్నం అయ్యేసరికి తుఫాను మనసు మార్చుకుంది. ఆఫీసులు మూసేశారు. నేను ఇంటికొచ్చి ఇనుప షట్టరు దించి, కిటికీ అద్దాలకి టేపు అతికించి, మేడ మీద నా గదిలో కూర్చున్నాను. కరెంటు పోయింది. పట్టపగలు గది సాయంత్రంలా అయిపోయింది. తడిసిన సున్నం వాసన. రేకుల మీద వాన చప్పుడులో నా ఊపిరి నాకే వినపడటం లేదు.

అక్క ఫోను చేసింది.

"యూన్, దిగుతున్నాను."

"అందరూ బాగున్నారా?"

"అందరూ పోలీసు జీపుల్లో ముందే దిగిపోయారే. దారి మూసేస్తున్నారు, మనుషుల్ని ముందు పంపించారు. బస్సు ఒక్కటే ఉంది. నేనొక్కదాన్నే." గేరు మార్చిన చప్పుడు. "పూజారి జవాబు చెప్పే జంట చెక్కలు వేశాడు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడింది, అంటే అవునని. వచ్చారట. ఎక్కారట."

"మరి వాళ్ళతో ఎవరు…"

"అదే చెబుతున్నా. ఎవరూ లేరు. పెట్టె మాత్రం ఆపొద్దన్నాడు. దారంతా పిలుస్తూనే ఉండాలట."

వెనక నుంచి ల్యావ్ అవ్వ గొంతు సన్నగా వినిపించింది. తాబేలు బండ వచ్చింది, ఎడమకు తిరుగుతున్నాం, మా వెనకే రండి.

ఆ మాట అవగానే ఇంకో చప్పుడు వినిపించింది. కిర్రుమని… పాత రెక్సిన్ సీట్ల చప్పుడు. ఒకటి కాదు. చాలా.

"అక్కా, ఏమిటది?"

అక్క గొంతు తగ్గించింది. "ఇందాకటి నుంచీ అంతే. ఆవిడ ఏ పక్క అంటే ఆ పక్కకి… అందరూ ఒరుగుతున్నారే. బస్సు కూడా అటే ఒరుగుతోంది."

"బస్సు ఖాళీ కదా."

"ఖాళీయే. అద్దంలో చూస్తూనే ఉన్నాను, ఖాళీయే. కానీ పండగ రోజు నిలబడటానికి కూడా చోటు లేనంత బరువుగా ఉంది. బ్రేకు తొక్కితే జారుతోంది."

"ఆపెయ్ అక్కా. ఎక్కడో ఒకచోట ఆపెయ్."

"ఎక్కడ ఆపను? వెనక కొండ రాలుతోంది."

"పెట్టె ఆపేస్తే?"

"ఒకసారి ఆపి చూశానే," అంది అక్క. "అందరూ లేచి నిలబడ్డారు. మళ్ళీ పెట్టేశాను."

ఫోన్లోనే మ్యాపు తీశాను. బస్సు ఒక చిన్న నీలం బొట్టులా కదులుతోంది. దాని ముందు ఇక రెండే పిలుపులున్నాయి. ఊట మలుపు, రాతి గోడ మలుపు. ఆ తర్వాత చీలిక. అక్కడ… ఏమీ లేదు. పిలుపు లేదు.

పిలుపు లేకపోతే వాళ్ళు తెలిసిన దారిన పోతారు. వాళ్ళకి తెలిసింది ఎడమ దారి ఒక్కటే. అక్కడ నాలుగు ప్లాస్టిక్ దిమ్మెలు అడ్డం పెట్టి ఉంటాయి. వాటి వెనక వంతెన లేదు. అంత బరువూ ఒక్కసారి ఎడమకి ఒరిగితే…

"అక్కా, చీలిక దగ్గర నువ్వే గట్టిగా చెప్పు. కుడికి అని చెప్పు."

"చెప్పి చూశానే ఇందాక. నా మాట వినరు. నేను వాళ్ళకి ఏమీ కాను. పెట్టె మాటే వింటున్నారు." టైర్లు జారిన చప్పుడు. "యూన్… నీ చేతిలో ఏమైనా ఉంటే చెయ్యవే."

ల్యాప్‌టాప్ తెరిచాను. నా గొంతు పట్టి, "కుడికి, సొరంగం, గుడి, దిగండి" అని గబగబా చేర్చి బస్సులోని పెట్టెకి పంపబోయాను. సిగ్నలు ఒక గీత. పోయింది. మళ్ళీ పంపాను. సగంలో ఆగింది. మళ్ళీ. మళ్ళీ. గొంతు ఫైలు వెళ్ళడం లేదు. అంత చిన్నది కూడా వెళ్ళడం లేదు.

ఊట మలుపు దాటింది బొట్టు.

కొత్తది పంపలేను. పెట్టెలో అన్ని కొమ్మలూ ముందే ఉంటాయి కాబట్టి, ఉన్నదాన్ని పలికించమని మాత్రం చెప్పగలను, దానికి ఒక్క మాట వెళ్తే చాలు. అంటే చరిత్రలో ఎక్కడో ఒకచోట, ఏదో ఒక కొమ్మ మీద, చీలిక దగ్గర కుడికి అనే పిలుపు ఉండాలి. ఫోన్లో చరిత్ర తీశాను, కొమ్మల వారీగా. గీతలు ఒక్కొక్కటే, నిద్రలో కదిలినట్టు వచ్చాయి. అసలు గీత, అందులో మామూలు స్టాపులు. అవ్వ కొమ్మ. దాని మీద బోకాయ్ చుక్క: "పాత వంతెన తీసేశాను. బస్సు అటు పోదు." దాని తర్వాత ఏమీ లేదు. డిపో వాళ్ళ కొమ్మలు, పండగ శుభాకాంక్షలు, స్కూలు ట్రిప్పులు… ఇంకా కిందికి…

నా కొమ్మ.

"పిచ్చి మాటలు తీసేశాను."

దాని కింది చుక్క.

నాకు తెలుసు అందులో ఏముందో. చివరిదాకా తెలుసు. తెలిసే వేలు దాని మీద పెట్టాను. ఇంకా కాసేపు ఆలోచించి ఉంటే వేరే ఏదైనా తట్టేదేమో, నాకు తెలియదు. మ్యాపులో బొట్టు రాతి గోడ మలుపు తిరుగుతోంది. ఫోన్లో అక్క, "అటు లాగుతున్నారే, అటే లాగుతున్నారు, స్టీరింగ్…" అంటోంది.

నొక్కాను.

ఒక చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది…

అప్పుడు ఫోన్లో నా గొంతు నాకే వినిపించింది. ముసల్దానిలా వంకరగా, వెక్కిరింతగా, లోపల నవ్వు దాచుకుని.

"కుడికి తిరుగుతున్నాం… మా వెనకే రండి."

నిశ్శబ్దం. ఆలోచిస్తున్నట్టు.

తర్వాత కిర్రుమన్నాయి. అన్నీ. ఒకేసారి.

"తిరిగింది," అంది అక్క. ఏడుస్తోంది. "యూన్, తిరిగింది…"

సొరంగంలోకి వెళ్ళగానే ఫోను తెగిపోయింది.

*

మళ్ళీ కలవలేదు. సిగ్నలు పూర్తిగా పోయింది. మ్యాపులో బొట్టు సొరంగం ముందే ఆగిపోయి ఉంది. మెట్ల మీద కూర్చున్నాను. చీకట్లో షట్టరు గాలికి లోపలికీ బయటికీ ఊపిరి తీస్తున్నట్టు కొట్టుకుంటోంది. అక్క వస్తే చాలు. ఇంకేమీ వద్దు. అక్క ఒక్కతీ వస్తే చాలు. అదే అనుకుంటూ కూర్చున్నాను.

అప్పుడు మా వీధిలో బస్సు చప్పుడు.

వెళ్ళి షట్టరు నడుము దాకా ఎత్తాను. బస్సు సరిగ్గా ఇంటి ముందుకు వచ్చి ఆగింది. టైర్లు సగం దాకా నీళ్ళలో ఉన్నాయి. బస్సు అడుగు ఇంచుమించు నీళ్ళకి తగులుతోంది. అంత కిందికి కుంగిపోయి ఉంది. లోపల లైట్లు వేసి ఉన్నాయి. అన్ని సీట్లూ ఖాళీ. ముందు అక్క, స్టీరింగ్ పట్టుకుని అలాగే.

తలుపు బుస్సుమని తెరుచుకుంది.

"ఇల్లు వచ్చింది," అంది నా గొంతు. "అందరూ దిగండి. లోపలికి రండి, మా అక్క వండి పెడుతుంది, తిని పోదురుగాని."

వద్దు అనబోయాను. అప్పటికే ఆలస్యమైంది.

బస్సు లేచింది. కొంచెం. ఆగి… ఇంకొంచెం. ఒక్కొక్కరు దిగుతుంటే ఎలా లేస్తుందో అలా. తలుపు కింద నీళ్ళలో గుంటలు పడుతున్నాయి. ఒకదాని పక్కన ఒకటి, మా గడప వైపు. చిన్నవి కూడా ఉన్నాయి. తడి మట్టి వాసన… లోతుగా తవ్వితే వచ్చే వాసన.

చివరికి అక్క దిగింది. వంగి షట్టరు కింద నుంచి లోపలికి వచ్చి నన్ను పట్టుకుంది. నేను షట్టరు దించబోయాను. దిగలేదు. కింద ఏదో అడ్డం ఉన్నట్టు ఆగింది. కాస్త ఆగి మళ్ళీ లాగాను, మళ్ళీ అడ్డం. అలా ఎంతసేపు లాగానో. అందరూ లోపలికి వచ్చాక అదే దానంతటది జారి నేలకి తాకింది.

*

తుఫాను వెళ్ళిపోయాక ల్యావ్ అవ్వ ఫోను చేసింది. గుడి ముందు గొడుగు పట్టుకుని సాయంత్రం దాకా నిలబడిందట.

"ఎవర్నీ ఏమీ అనను," అంది. "ఏ ఇంట్లో దించావో ఒక్కటి చెప్పవే తల్లీ. మనవరాలు వానలో తడిసి జ్వరం తగిలితే ఊరుకోదు, రాత్రంతా ఏడుస్తుంది."

మా ఇంట్లోనే అని చెప్పాను. "తిండి పెట్టావా?" అంది.

పెట్టక్కర్లేకపోయింది. అక్క పెడుతోంది. ఆ రోజు నుంచీ పెద్ద గిన్నెతో అన్నం వండుతోంది. ఎందుకక్కా అంటే, "మామూలుగా వండేంతే కదే," అంటోంది. మెట్లెక్కేటప్పుడు ఒక పక్కకి ఒరిగి నడుస్తోంది, ఎవరికో దారి ఇస్తున్నట్టు. నేను కూడా ఒరుగుతున్నానని బోకాయ్ అన్నాడు.

పూజారి మా ఇంటికి వచ్చి చెక్కలు వేశాడు. గుడికి వస్తారా అని అడిగాడు. రెండూ వెల్లకిలా పడ్డాయి. అలా పడితే అడిగినవాళ్ళని చూసి నవ్వినట్టు. మళ్ళీ వేశాడు. నవ్వారు. ఎన్నిసార్లు వేసినా నవ్వే.

"నీ గొంతుతో పిలిచావు," అన్నాడు చెక్కలు సంచీలో వేసుకుంటూ. "నీ గొంతే పంపాలి. మంచి రోజు చూస్తాను. ఇంటి నుంచి గుడి దాకా నువ్వే ప్రతి మలుపూ చెప్పు. అవ్వ గుడి ముందు ఉంటుంది. అప్పటిదాకా బస్సులో ఆ పెట్టె ఎవర్నీ పిలవకుండా చూడు."

పెట్టెని మామూలు స్టాపుల గీతకి మార్చేశాను. నా కొమ్మని కొట్టేశాను. చుక్కలతో సహా, చెయ్యకూడని పనే అయినా, ఎలా చెయ్యాలో బోకాయ్‌ని అడిగి మరీ కొట్టేశాను. "దీన్ని ఇలా చేసినట్టు మేనేజరుకి తెలిస్తే ఇద్దరికీ టీ కొట్టే గతి," అన్నాడు. నవ్వడానికి చూశాడు కానీ రాలేదు.

మంచి రోజు వచ్చే వారం అన్నారు. దారి బాగుచేశారు. ఇవాళ పొద్దున అక్క మళ్ళీ పనిలోకి వెళ్ళింది. వద్దన్నాను. "ఇంట్లో కూర్చుంటే ఊపిరాడటం లేదే," అంది. గడప దాటుతూ ఒకసారి వెనక్కి తిరిగి, నన్ను కాదు, నా మోకాలి ఎత్తున ఏదో చూసి నవ్వింది.

ఎండ బాగా కాస్తోంది. ఆఫీసులో కూర్చుని, ఇంటి నుంచి గుడిదాకా నా పిలుపులు పట్టడానికి కొత్త కొమ్మ చీలుద్దామని చరిత్ర తీశాను. కొమ్మల వారీగా.

అక్కడ ఉంది. నేను కొట్టేసిన కొమ్మ.

"పిచ్చి మాటలు తీసేశాను," దాని మీద కొత్త చుక్కలు. చేసింది ఎవరు అన్నచోట నా పేరు. అన్నీ ఇవాళ్టివే.

మొదటిది నొక్కాను. నా గొంతు. ముసల్దానిలా వంకరగా, లోపల నవ్వు దాచుకుని. నేను ఎప్పుడూ అనని మాటలు.

"గడప దాటుతున్నాం అక్కా. మా వెనకే రా."

రెండోది. "సొరంగం వచ్చింది అక్కా, భయపడకు. మా వెనకే రా."

మూడోది. "ఎడమకు తిరుగుతున్నాం."

ఆఖరిది ఇంకా తడిగా ఉన్నట్టు, అప్పుడే పడుతోంది. పక్కన రాసిన ముక్క నేను చదవలేదు. వినలేదు. బోకాయ్ తీసేసిన పిలుపు ఏదో నాకు తెలుసు: పాత వంతెన.

ఫోను తీసి అక్కకి చేశాను. మోగింది. మోగింది. ఎత్తింది.

"అక్కా, ఎక్కడున్నావు? ఆపు. బస్సు ఆపెయ్. అక్కా…"

"ఎన్నిసార్లు పిలుస్తావే యూన్," అంది అక్క, నిద్రలో ఉన్నదాన్ని లేపుతున్నట్టు ముద్దుగా. "వినబడుతోందిలే. నీ వెనకే వస్తున్నానుగా."

ఆ వెనక, ఖాళీ బస్సులో, సీట్లు కిర్రుమన్నాయి.

అన్నీ. ఒకేసారి.